దూడకు మూడు చుక్కలు

మా బడికి ఇంటర్నెట్ అందిన రోజున అనిల్‌కుమార్ సార్ పెంటకుప్పలో పడ్డారు. ఆయన్ని అందులోకి తోసింది ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలు. పిల్లల తప్పేమీ లేదు. తొయ్యమని సారే చెప్పారు.

సార్‌ది మధిర వైపు. భద్రాచలంలో కిరాయి ఇంట్లో ఉంటూ రోజూ పాత మోటారు సైకిలు మీద మా తండాకు వస్తారు. పొద్దున ఎలాగో వచ్చేస్తుంది గానీ, సాయంత్రం బడి వదిలాక ఆ బండి ఒక పట్టాన కదలదు. సార్ దాని మీద కూర్చుని "నెట్టు, నెట్టు" అంటారు. పిల్లలంతా వెనక చేరి వాగు దాకా తోసుకుంటూ పోతారు. మా వైపు ఈ పనిని నూకడం అంటారు. తండా పిల్లలకు ఆ మాటా కొత్తే, ఇళ్లలో మాట్లాడేది లంబాడీ కదా. అందుకని బడిలో చేరిన ఏ పిల్లకైనా అ ఆల కన్నా ముందు వచ్చే తెలుగు మాట "నెట్టు". ఆ మాట వినపడితే చేతులు వాటంతటవే ముందుకు పోతాయి.

నేను పుట్టింది ఆ తండాలోనే, చదివింది ఆ బడిలోనే. ఇప్పుడు అక్కడే చిన్నపిల్లల దగ్గర ఉంటున్నాను. సార్ తెలుగులో చెప్పింది పిల్లలకు మా భాషలో చెప్పడం, పిల్లలు మా భాషలో అన్నది సార్‌కు తెలుగులో చెప్పడం నా పని. ఆ రోజు మాత్రం నేను నోరు తెరిచేలోపే అంతా అయిపోయింది.

జరిగింది ఇదీ. బడికి పైనుంచి ఒక ట్యాబ్ వచ్చింది. పలకంత ఉంటుంది, చుట్టూ నీలం రంగు రబ్బరు తొడుగు. అందులో 'పలుకు చిలక' అని ఒక యాప్ ఉంది. తెర మీద ఒక బొమ్మ వస్తుంది, పిల్లలు దాని పేరు చెప్పాలి. సరిగ్గా చెబితే చిలక రెక్కలు కొట్టి "శభాష్" అని మూడు నక్షత్రాలు ఇస్తుంది. వాటిని పిల్లలు చుక్కలు అంటారు. తప్పు చెబితే చిలక తల వంచి, "మళ్లీ ప్రయత్నించండి" అంటుంది. ఒకటో తరగతి పిల్లలను 'అండీ' అని మన్నించేది మా చుట్టుపక్కల ఆ చిలక ఒక్కటే. సాయంత్రం అయ్యేసరికి ఏ పిల్ల ఏం చెప్పిందో ఇంట్లోవాళ్ల ఫోనుకు మెసేజ్ కూడా పంపుతుంది.

అయితే ఇంటర్నెట్ అందకపోతే ఆ చిలక కళ్లు మూసుకుని నిద్రపోతుంది. మా బడి ఉన్నది అడవి అంచున, పల్లంలో. అక్కడ ఫోను మాట్లాడాలంటేనే ఒంటికాలి మీద నిలబడాలి. సార్ ట్యాబ్‌ను పళ్లెంలా పట్టుకుని బయలుదేరారు. వెనక పిల్లలు, వాళ్ల వెనక నేను. నీళ్ల ట్యాంకు మెట్లెక్కి చూశారు, చిలక లేవలేదు. పోచమ్మ గద్దె దగ్గర చూశారు, లేవలేదు. చివరికి తండా దాటి వెంకటరామారావు గారి పశువుల కొట్టం ఉన్న గట్టెక్కారు. దుమ్ముగూడెం వైపు టవరు గాలి కాస్త తగిలేది అక్కడే. కొట్టం పక్కన పెంటకుప్ప అంచున నిలబడి ట్యాబ్‌ను రెండు చేతులతో తలమీదికి ఎత్తారు. చిలక కళ్లు తెరిచింది.

సార్‌కు సంతోషం ఆగలేదు. "నెట్టు! నెట్టు!" అన్నారు.

పిల్లలు నెట్టారు.

ట్యాబ్‌కు ఏమీ కాలేదు. పడుతూ కూడా సార్ దాన్ని పైకే పట్టుకున్నారు. చప్పుడు విని వెంకటరామారావు గారి భార్య సుబ్బరత్నమ్మ గారు బయటికొచ్చి చూస్తే, పెంటకుప్పలోంచి ఒక చెయ్యి, ఆ చేతిలో ఒక చిలక. చిలక "శుభోదయం" అంటోంది.

ఆమె కాసేపు చూసి, "ఎరువు కావాలంటే అడిగితే బండికెత్తించేదాన్ని కదా మాస్టారూ," అన్నారు.

వాళ్లది కృష్ణా జిల్లా. మిరప సాగుకని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అప్పటికి నేను పుట్టలేదు. ఇన్నేళ్లయినా ఆమె మాటలో అక్కడి యాస ఆరిపోలేదు. సార్ ఒళ్లు కడుక్కుని, రోజూ కొట్టంలో పాఠం చెప్పుకోనిమ్మని అడిగితే ఆమె ఒప్పుకున్నారు గానీ షరతులు పెట్టారు. చెప్పులు బయట విడవాలి. సుద్దముక్కలు పశువులకు తినిపించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆవును బెదరగొట్టకూడదు. అది ఈని ఎన్నాళ్లో కాలేదు, బెదిరితే పాలు దించకుండా ఎగ్గడుతుంది.

కొట్టమంతా వెతికితే సిగ్నల్ సరిగ్గా నిలిచింది దూడను కట్టే గుంజ దగ్గర. ఒక అడుగు ఇటు జరిగితే చిలక కునుకు తీస్తుంది, ఒక అడుగు అటు జరిగితే నిద్రే పోతుంది. అందుకని రోజూ ప్రార్థన కాగానే చిన్న తరగతులు కొట్టానికి పోయేవి. ట్యాబ్‌ను పలుపుతాడుతో గుంజకు కట్టేవాళ్లం. గుంజకు ఒక వైపు చదువు, ఒక వైపు దూడ.

మొదటి వారమే పేచీ వచ్చింది. తెర మీద గేదె బొమ్మ పడింది. కాస్త తెలుగు వచ్చిన పిల్లలంతా ఒక్క గొంతుతో "బర్రె" అన్నారు. చిలక మళ్లీ ప్రయత్నించమంది. వినపడలేదేమోనని ఇంకా గట్టిగా "బర్రె" అన్నారు. చిలక మళ్లీ ప్రయత్నించమంది. పక్కన పాలు పిండుతున్న సుబ్బరత్నమ్మ గారు తల తిప్పకుండానే "గేదె" అన్నారు. శభాష్ అని మూడు చుక్కలు పడ్డాయి, రెండో తరగతి లిఖిత పేరు మీద.

ఆ రోజు నుంచి ఆమె వంట తొందరగా ముగించుకుని వచ్చి మాతో కూర్చోవడం మొదలుపెట్టారు. చిలకది మా ఊరే అయ్యుంటుంది అనేవారు. బర్రె కూడా తెలుగేనని సార్ యాప్ వాళ్లకు రాశారు. మీ సూచనకు ధన్యవాదాలు అని జవాబొచ్చింది, అంతే. పిల్లలు మాత్రం తమకు తోచిన దారి పట్టుకున్నారు. బయట ఉంటే అది బర్రె, ట్యాబ్‌లో ఉంటే గేదె. ఇప్పటికీ వాళ్లకు అవి వేర్వేరు జంతువులేమోనని నాకు అనుమానం.

లాలికి బర్రెతోనూ పేచీ లేదు, గేదెతోనూ లేదు. ఆ పిల్ల అసలు ఏమీ అనదు.

లాలి ఒకటో తరగతి. శ్రీను అన్న, రుక్మిణి వదినల కూతురు. ఇంట్లో నోరు మూత పడదని వాళ్లమ్మ చెబుతుంది, బడిలో మాత్రం చేరిన రోజు నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. మొండితనం కాదు, భయమూ కాదు. ఎవరు మాట్లాడితే వాళ్ల నోటి వైపు చూస్తూ ఉండేది, మా అమ్మ రొట్టె కాలుతుంటే పెనం వైపు చూసినట్టు. కొట్టంలో దూడ పక్కనే కూర్చునేది. అది ఆమె మోచెయ్యి నాకుతున్నా కదిలేది కాదు.

శ్రీను అన్న పాల్వంచలో కాంట్రాక్టరు దగ్గర షిఫ్టు పని చేస్తాడు. అక్కడే కిరాయి రూములో ఉండి, ఆఫ్ దొరికిన రోజు బస్సు పట్టుకుని వస్తాడు. షిఫ్టులో తోటివాళ్లంతా తమ పిల్లలు ఇంగ్లిషు పాటలు పాడే వీడియోలు చూపిస్తుంటారట. ఇతని దగ్గర చూపించడానికి ఏమీ లేదు. దసరా దాకా చూస్తాననీ, అప్పటికీ లాలి బడిలో నోరు తెరవకపోతే పాల్వంచలో ప్రైవేటు బడి హాస్టల్లో వేస్తాననీ చెప్పేశాడు. తండాలో చేను, మేకలు చూసుకోవలసింది వదినే, ఆమె కదలలేదు. లాలికి రాత్రి వాళ్లమ్మ కొంగు చేతిలో ఉంటే తప్ప నిద్ర రాదు. ఈ సంగతి వదిన నాకు చెప్పినప్పుడు లాలి పక్కనే ఉంది, కొంగు చేతికి చుట్టుకుని.

దానికి తోడు ఈ చిలక. రోజూ సాయంత్రం శ్రీను అన్న ఫోనుకు "లాలి ఈ రోజు ప్రయత్నించలేదు" అని మెసేజ్ పంపేది. అతను వెంటనే వదినకు ఫోన్ చేసి చదివి వినిపించేవాడు. అత్త కూడా ఇన్ని చాడీలు చెప్పదని వదిన తిట్టుకునేది.

ఒక పొద్దున ఆవును మేతకు తోలుకుపోయాక పిల్లలను కూర్చోబెట్టాను. లాలి వంతు వచ్చింది. తెర మీద అమ్మ బొమ్మ. తెల్లటి మనిషి, ఇస్త్రీ చీర కట్టుకుని, మెరిసే వంటింట్లో గరిటె పట్టుకుని నవ్వుతోంది. దవాఖానాలో సూది వేసే మేడమా అని ఒక పిల్ల నన్ను అడిగింది. కాదు, అమ్మ అంటే యాడి అని మా భాషలో లాలికి చెప్పాను. లాలి బొమ్మను చూసింది, నన్ను చూసింది. నేను అబద్ధం చెబుతున్నానని ఆమె ముఖంలో స్పష్టంగా కనపడింది. వాళ్ల యాడి అలా ఉండదు. వంట చేస్తూ అసలు నవ్వదు.

అప్పుడే దూడ మెడ చాచి "అంబా" అంది.

"శభాష్ లాలి," అంది చిలక. ఒకటి తర్వాత ఒకటి మూడు చుక్కలు పడ్డాయి.

పిల్లలు గడ్డి మీద పడి దొర్లారు. సుబ్బరత్నమ్మ గారు చెంప మీద చెయ్యి వేసుకున్నారు. సార్ పరుగున వచ్చి ఆ చుక్కలు చెరపడానికి తెర అంతా వెతికారు. పిల్లల మనసు నొచ్చుకుంటుందని, ఒకసారి ఇచ్చిన చుక్కలు వెనక్కి తీసుకునే ఏర్పాటు దాంట్లో పెట్టలేదట.

సాయంత్రం పాల్వంచలో ఫోను మోగింది. "శుభవార్త! మీ బిడ్డ లాలి ఈ రోజు 'అమ్మ' అనే పదాన్ని స్పష్టంగా పలికింది." శ్రీను అన్న ఆ మెసేజ్‌ను షిఫ్టు దిగేవాళ్లకీ, షిఫ్టు ఎక్కేవాళ్లకీ చూపించాడట.

మర్నాడైనా సరిచేద్దామనుకున్నాం. కానీ రోజూ మొదటి కార్డు అమ్మే, పోయిన రోజు పాఠం గుర్తుందో లేదో చూడటానికి. దూడను అవతలి మూలన కట్టాం, అక్కడి నుంచి ఇంకా గట్టిగా అరిచింది. నోటికి గడ్డి అందించాం, గడ్డి నములుతూనే అరిచింది. ఆవు మేతకు పోయిన వేళకు లాలి వంతు రావడం, దూడ అరవడం, చిలక మెచ్చుకోవడం రివాజైపోయింది. సుబ్బరత్నమ్మ గారు దూడకు రోజూ పొద్దున్నే ఒళ్లు తోమడం మొదలుపెట్టారు. హాజరు పట్టీలో దాని పేరు రాయమని సార్‌ను వేళాకోళం చేసేవారు. వారం తిరిగేసరికి చిలక శ్రీను అన్నకు ఇంకో మెసేజ్ పంపింది. ఈ వారం మండలంలో పలుకు తార మీ లాలియే అని.

రుక్మిణి వదిన నా దగ్గరికి వచ్చి నిజంగానే పిల్ల నోరు తెరిచిందా అని అడిగింది. దాచలేక జరిగింది చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకుని కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుని, అతనికి చెప్పొద్దంది. దూడ పుణ్యమా అని హాస్టల్ మాట ఎత్తడం మానేశాడు, దసరా ఇలా గడిచిపోతే చాలంది.

ఆ సంతోషం రెండు పూటలు కూడా నిలవలేదు. మళ్లీ వచ్చింది, ఈసారి పరుగెత్తుకుంటూ.

"ఇంత తెలివి ఉన్న పిల్లను పశువుల కొట్టంల ఉంచుడేంది అంటున్నడు హేమా. హాస్టలోళ్లతోని మాట్లాడిండట. దసరా దాకా ఎందుకు, ఈసారి ఆఫ్‌కు వచ్చినప్పుడే తీస్కపోతడంట. నోరు తెరవకుంటే హాస్టల్, తెరిస్తే ఇంకా జల్దీ హాస్టల్. ఏం పిల్లనమ్మా నేను కన్నది."

సార్‌తో చెప్పాను. ఆయన నిజం చెప్పేద్దామన్నారు. నిజం చెప్పినా దసరాకు హాస్టల్ తప్పదు కదా అన్నాను. రేపు పోయేదానికన్నా దసరాకు పోయేది నయం, ఈలోగా పిల్ల నోరు తెరవకూడదని ఏముంది అన్నారు. అలా అంటూ ఆయనే నమ్మనట్టు బండి వైపు చూశారు.

చెప్పే వీలు మాత్రం చిక్కలేదు. శ్రీను అన్న అనుకున్నదానికన్నా ముందే, పొద్దుటి బస్సుకే దిగాడు. తిన్నగా కొట్టానికే వచ్చాడు. నెత్తి మీద కొత్త రేకు పెట్టె, దాని మీద తెల్ల రంగుతో "లాలి, ఒకటో తరగతి" అని రాయించాడు. చేతిలో లడ్డూల డబ్బా. పెట్టె దించి, పిల్లలందరికీ తలా ఒక లడ్డూ పెట్టి, ఫోను తీసి వీడియోకు సిద్ధమయ్యాడు. ఒక్కసారి లాలితో చెప్పించమనీ, ఫోర్‌మన్‌కు చూపిస్తానని మాట ఇచ్చాననీ అన్నాడు. ఒక మాట చెప్పాలి శ్రీనూ అని సార్ మొదలుపెట్టారు. అన్నీ తర్వాత మాట్లాడుకుందాం సార్, ముందు వీడియో కానీయండి అన్నాడు.

శ్రీను అన్న వచ్చిన హడావిడిలో సుబ్బరత్నమ్మ గారు ఆవును ఇంకా మేతకు పంపలేదు, అది కొట్టంలోనే ఉంది. తల్లి పక్కనే ఉండటంతో దూడ కళ్లు మూసుకుని హాయిగా పడుకుంది. సంగతి తెలిసి పరుగున వచ్చిన వదిన గుమ్మం దగ్గర నిలబడింది. ట్యాబ్ మీద గరిటె పట్టుకున్న అమ్మ వచ్చింది.

లాలి నిలబడింది. అంతే. గుంజను పట్టుకుని వాళ్ల నాన్న ఫోను వైపు చూస్తోంది.

"సిగ్గు పడుతున్నది," అన్నాడు శ్రీను అన్న. "గిట్ల అను బిడ్డా. అమ్మ."

"మళ్లీ ప్రయత్నించండి," అంది చిలక.

శ్రీను అన్న ఫోను దించి ట్యాబ్ వైపు చూశాడు. గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు. మళ్లీ ప్రయత్నించమంది. మిషన్ల హోరులో పనిచేసే మనిషి, వినపడటం లేదనుకున్నాడేమో, మూడోసారి గట్టుకు అవతల మిరప చేలో ఉన్నవాళ్లు కూడా తలెత్తి చూసేలా "అమ్మా" అన్నాడు. చిలక తల వంచింది. పిల్లలకు ఆనందంగా ఉంది. పెద్దవాళ్లతో చిలక ఇలా మాట్లాడటం వాళ్లు ఎప్పుడూ చూడలేదు.

అది చిన్నపిల్లల గొంతుకే పలుకుతుందేమోనని సార్ సన్నటి గొంతు పెట్టి "అమ్మ" అన్నారు. తప్పు. చేలోంచి వచ్చిన వెంకటరామారావు గారు ఇదేదో గొడవనుకుని, అందరూ అంటున్నారు కదా అని తానూ అన్నారు. తప్పు. అప్పుడు సుబ్బరత్నమ్మ గారు లేచారు. కొంగు సర్దుకుని, అందరినీ పక్కకు జరగమని, గేదె అన్నంత ధీమాగా "అమ్మ" అన్నారు.

"మళ్లీ ప్రయత్నించండి."

ఆమె ముఖం చిన్నబోయింది. "రాత్రి నుంచి గొంతు బాగోలేదులే," అని వెళ్లి కూర్చున్నారు.

ఈ అరుపులకి ఆవు బెదిరి తాడు గుంజడం మొదలుపెట్టింది. పాలు ఎగ్గడుతుందని భయపడి వెంకటరామారావు గారు దాన్ని విప్పి బయటికి నడిపించుకుపోయారు. ఆవు తోక గుమ్మం దాటిందో లేదో, దూడ దిగ్గున లేచింది.

"అంబా."

"శభాష్ లాలి."

మూడు చుక్కలు. ఫోర్‌మన్‌కు చూపించాల్సిన వీడియో అంతా శ్రీను అన్న ఫోనులో రికార్డవుతూనే ఉంది. అతను చిలకను చూశాడు, దూడను చూశాడు, సార్‌ను చూశాడు.

"గిదేంది సార్?"

సార్ మొదటి నుంచీ అంతా చెప్పారు. ఆ యాప్ రోజూ వినగా వినగా ఒక్కో పిల్ల గొంతును గుర్తుపెట్టుకుంటుంది, లాలి పేరు మీద దూడ గొంతు గుర్తుపెట్టుకుంది, అందుకే ఇంకెవరు చెప్పినా తప్పంటోంది అని వివరించారు. శ్రీను అన్న నెమ్మదిగా రేకు పెట్టె మీద కూర్చున్నాడు. పాల్వంచలో ఆ మెసేజ్ ఎందరికి చూపించాడో అతనికి గుర్తుకొస్తున్నట్టుంది. గుమ్మం దగ్గర వదిన నేల చూపులు చూస్తోంది. అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. కోపం కూడా లేదు గొంతులో.

"దూడ చదువుకుంటున్నది, నా బిడ్డ చూస్తున్నది. ఇగ దసరా గిసరా లేదు సార్. సాయంత్రం బస్సుకే తీస్కపోత."

దూడ మాత్రం ఆగలేదు. బయట ఆవు పలుకుతుంటే లోపల ఇది తాడు తెంచుకునేలా "అంబా" అంటోంది. అది అన్నప్పుడల్లా చిలక "శభాష్ లాలి, శభాష్ లాలి" అంటూ రెక్కలు కొడుతోంది. కొట్టమంతా చుక్కలే.

లాలి గుంజను వదిలింది. ట్యాబ్‌కు ఎదురుగా వచ్చి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది. వాళ్లమ్మ మేకలను తిట్టేటప్పుడు అచ్చం అలాగే నిలబడుతుంది.

"అది అమ్మ అంటలేదు," అంది చిలకతో, తెలుగులో. "ఆవును బయటికి తీస్కపోయిండ్రు గద, గందుకే ఒర్లుతున్నది. దాని యాడిని దాని కాడికి తోలుండ్రి. నీకు గంత సమజ్ కాదా?"

చిలక తల వంచింది. "మళ్లీ ప్రయత్నించండి."

"నువ్వే ప్రయత్నించు," అంది లాలి.

ముందు నవ్వింది సుబ్బరత్నమ్మ గారు. ఆ తర్వాత ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో చెప్పలేను. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ప్రయత్నించు అనే మాట మా తండాలో ఎవరూ వాడరు, నేను కూడా వాడను. లాలి దాన్ని చిలక దగ్గరే పట్టింది, ఒత్తులన్నీ సరిగ్గా, కొంచెం చిలక యాసతో.

శ్రీను అన్న పెట్టె మీద నుంచి లేచాడు. తెలుగు ఎప్పుడు నేర్చుకున్నావని మా భాషలో అడిగాడు. రోజూ వింటున్నాను కదా అంది లాలి. మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?

లాలి దూడ వైపు వేలు చూపించింది. "నేను చెప్దామనేలోపు అదే చెప్తున్నది."

అది నిజమేనన్నట్టు సార్ తల ఊపారు. లాలి ఇంకా అయిపోలేదన్నట్టు వాళ్ల నాన్న ముందుకు వచ్చింది. ఈ ప్రశ్న అందరూ వినాలనుకుందేమో, నాన్నను పిలిచే 'బా' తప్ప మిగతాదంతా తెలుగులోనే అడిగింది.

"నువ్వు గూడ తప్పే చెప్పినవ్ గద బా. నిన్ను గూడ హాస్టల్‌ల ఏస్తరా?"

గుమ్మం దగ్గర నుంచి వదిన అందుకుంది. "ఎయ్యాలె మరి. పెట్టె తెచ్చుకునే వచ్చిండు."

శ్రీను అన్న పెట్టె వైపు చూశాడు. దాని మీద రాయించిన పేరు చూశాడు. చూస్తూ చూస్తూనే అతని పెదవులు కదిలాయి. నవ్వు ఆపుకోవడానికి మీసం మీద చెయ్యి పెట్టుకున్నాడు గానీ ఆగలేదు.

"నేను గీ పెట్టెల పట్టనే," అన్నాడు.

వెంకటరామారావు గారు ఆవును లోపలికి తెచ్చారు. దూడ అరుపు ఆపి పొదుగు వెతుక్కుంది. చిలకకు మెచ్చుకోవడానికి ఎవరూ లేక కాసేపటికి నిద్రపోయింది. శ్రీను అన్న మధ్యాహ్నం దాకా పిల్లల మధ్యనే కూర్చున్నాడు. లాలి అతనికి కొట్టంలో ఉన్నవన్నీ చూపించి పేర్లు చెప్పింది. గంప, కుడితి, పలుపు, తవుడు. బర్రె దగ్గర ఆగి, ఇది బర్రె, కానీ ట్యాబ్‌లోకి పోతే గేదె అవుతుందని జాగ్రత్త చెప్పింది. పాల్వంచ మాట ఇంకెవరూ ఎత్తలేదు. అతనే ఎత్తి, ఒకటో తరగతి ఇక్కడే కానియ్యి, ఆ తర్వాత సంగతి ఆ తర్వాత అని వదినతో అన్నాడు.

పెట్టె మళ్లీ బస్సెక్కలేదు. సుబ్బరత్నమ్మ గారు తవుడు పోసుకోవడానికి అడిగారు, వదిన ఇవ్వనంది. చివరికి బడికి ఇచ్చేసింది. ట్యాబ్‌ను ఇప్పుడు అందులోనే పెట్టి తాళం వేస్తున్నాం. కొత్తగా వచ్చినవాళ్లు పెట్టె మీద రాత చూసి, చిలక పేరు లాలి, అది ఒకటో తరగతి చదువుతోందనుకుంటారు. సార్ లాలికి వేరే పేరుతో కొత్త ఖాతా తెరిచారు. పాతది దూడకే వదిలేశారు.

ఆ సాయంత్రం బస్సులో శ్రీను అన్నకు మెసేజ్ వచ్చింది. వదినకు ఫోన్ చేసి చదివాడు. నేను అక్కడే ఉన్నాను. ఈ రోజు లాలి చాలాసార్లు స్పష్టంగా పలికింది, కొన్నిసార్లు తప్పు పలికింది, శ్రద్ధ పెట్టమని చెప్పండి అని ఉందట. బస్సు చప్పుడులో అతను గట్టిగా అంటుంటే నాకు కూడా వినపడింది.

"శభాష్‌లన్నీ దూడవి. తప్పుల్ల మూడు నావి, ఒకటి సార్‌ది, ఒకటి సుబ్బరత్నమ్మది, ఒకటి ఆమె పెనిమిటిది. ఆఖరుది ఉన్నది సూడు, గా తప్పు మాత్రం మా బిడ్డది."